బ్రిటిష్ ఇండియా నాణేల వరుస ఆగిపోయాక ఏం సేకరించాలి?

విజయవాడ నుంచి రాసిన మిత్రుడి ప్రశ్న సారాంశం ఇది. విక్టోరియా కాలం నుంచి ఆరవ జార్జి కాలం దాకా రూపాయలు, అర్ధ రూపాయలు, పావలాలు, అణాలు ఏటికొకటి చొప్పున చేర్చుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఆల్బంలో మిగిలిన ఖాళీలన్నీ 1939 నాటి రూపాయి లాంటివి, అంటే సామాన్యుడి చేతికి అందనివి. నెలకు రెండు మూడు వేలకు మించి ఖర్చు పెట్టలేని తాను సేకరణను ఎటు పెంచుకోవాలి, శాతవాహనుల నాణేల వైపు వెళ్లాలా, విదేశీ నాణేల వైపు వెళ్లాలా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్పాలంటే, రెండూ ఇప్పుడే వద్దు. కొత్త అంశం కోసం ముందుగా మీ పెట్టెలోనే వెతకండి. ఇంతకాలం మీరు నాణెం మీద సంవత్సరాన్ని మాత్రమే చదివారు. అదే నాణెం మీద లిపి ఉంది, లోహం ఉంది, టంకశాల గుర్తు ఉంది, అంచు ఉంది, ఎవరి పేరున అచ్చయిందన్న సంగతీ ఉంది. వీటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుని ఒక ప్రశ్న వేసుకుంటే, తర్వాత ఏ నాణెం కొనాలో ఆ ప్రశ్నే చెబుతుంది. మీకు నేను సూచించేవి మూడు: తెలుగు అక్షరాలున్న నాణేలు, తేదీ విషయంలో అబద్ధం చెప్పే నాణేలు, వెండి కరువు నాటి నాణేలు. ఈ మూడింటికీ కావలసిన సరుకులో సగం మీ దగ్గర ఇప్పటికే ఉండి ఉంటుంది.

సంవత్సరాల వరుసకు ఒక గుణం ఉంది. మొదట్లో చవకగా, చురుకుగా సాగుతుంది; చివరికి వచ్చేసరికి అందరూ ఆ నాలుగైదు నాణేల కోసమే పోటీ పడతారు కాబట్టి, డబ్బున్నవాడి గుమ్మం ముందు ఆగిపోతుంది. అంశం ప్రకారం సేకరించేవారికి ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే ఒక సంగతిని చెప్పడానికి అరుదైన ఏడాదే కావాలన్న నియమం లేదు, అదే రకంలో మామూలు ఏడాది నాణెం కూడా ఆ సంగతిని అంతే బాగా చెబుతుంది. నేను ఏ అంశాన్నయినా మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద దాన్ని ఒకే వాక్యంలో రాసుకుంటాను. ఆ వాక్యానికి సరిపోయే నాణేలు ఇరవై ముప్ఫై రకాలకు మించితే అంశాన్ని కుదిస్తాను. వాటిలో ముప్పాతిక వంతు నా తాహతుకు దొరికేవి కాకపోతే పక్కన పెడతాను. ‘జంతువుల బొమ్మలున్న నాణేలు’ లాంటివి వినడానికి బాగుంటాయి కానీ వాటికి గట్టు లేదు, చూసినదల్లా కొనిపిస్తాయి.

తెలుగు అక్షరాలున్న నాణేలు. మీ దగ్గరున్న ఐదవ జార్జి అణాను, అదే అంచు పూరేకుల్లా వంపులు తిరిగి ఉండే నికెల్ మిశ్రమపు నాణేన్ని, భూతద్దం కింద పెట్టి చూడండి. విలువ ఇంగ్లీషుతో పాటు ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు లిపుల్లో ఉంటుంది. ఈ పద్ధతి ఏడవ ఎడ్వర్డు కాలంలో, 1907లో విడుదలైన అణాతో మొదలైంది. తర్వాత 1918 నుంచి వచ్చిన చతురస్రపు బేడ (రెండు అణాల నాణెం) మీద, 1919లో మొదలైన ఎనిమిది పలకల నికెల్ పావలా మీద, అదే కాలపు గుండ్రటి నికెల్ అర్ధ రూపాయి మీద కూడా తెలుగు కనిపిస్తుంది. చేతులు మారి అరిగిన అణాల మీద అన్నిటికన్నా ముందు చెరిగిపోయేవి ఈ చిన్న అక్షరాలే. కాబట్టి కొనేటప్పుడు రాజు ముఖం ఎంత స్పష్టంగా ఉందని చూడకుండా, తెలుగు అక్షరాల తలకట్లు విడిగా కనిపిస్తున్నాయా లేదా చూసి ఎంచుకోండి. దుకాణదారు ధర చెప్పేది ముఖాన్ని బట్టి, మీరు ఎంచుకునేది వెనక వైపును బట్టి. ఈ తేడా వల్ల మంచి నాణేలు తక్కువ ధరకే దొరికిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

అక్కడి నుంచి వెనక్కి వెళితే అసలు రుచి తెలుస్తుంది. ఈస్టిండియా కంపెనీ మద్రాసు టంకశాల 1807 తర్వాతి సంవత్సరాల్లో యంత్రాల మీద అచ్చువేసిన వెండి అర పగోడా, పావు పగోడాలకు (పగోడా అప్పటి దక్షిణాది నాణెపు పేరు) ఒక పక్క గాలిగోపురం, చుట్టూ నక్షత్రాలు ఉంటాయి. రెండో పక్క విష్ణుమూర్తి, చుట్టూ తమిళంలోనూ తెలుగులోనూ విలువ ఉంటుంది. గోపురం వైపు ఇంగ్లీషు, పారశీకం. ఒకే నాణెం మీద నాలుగు భాషలు! అదే వరుసలోని ఫణాలనే చిన్న వెండి నాణేల మీద కూడా తమిళం, తెలుగు ఉన్నాయి, ఇవి పగోడాల కంటే బాగా చవక. అర పగోడాలను చాలావరకు స్పానిష్ డాలర్ల మీదే మళ్లీ అచ్చు గుద్దారు. నా దగ్గరున్న అర పగోడాను దీపం కింద ఏటవాలుగా తిప్పితే గోపురం పక్కన నక్షత్రాల మధ్య పాత ముద్ర తాలూకు గీతలు బయటపడతాయి. అమెరికా ఖండంలోని స్పానిష్ గనుల వెండి మద్రాసులో తెలుగు అక్షరాలు దిద్దుకుందన్న సంగతి చదివితే ఒక రకంగా ఉంటుంది, చేతిలో పెట్టుకుని చూస్తే మరో రకంగా ఉంటుంది. స్వతంత్రం వచ్చాక 1950లో మొదలైన వరుసలో హిందీ, ఇంగ్లీషు మిగిలాయి, తెలుగు పోయింది. కాబట్టి ఎద్దు బొమ్మ ఉన్న 1950 నాటి అణా ఒకటి ఈ అంశానికి చివరి గట్టుగా పెట్టుకోండి.

దీనికి పక్కనే మన జిల్లాలకు సొంతమైన ఉప అంశం ఒకటి ఉంది. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు, ఈ ఐదూ కలిపి ఉత్తర సర్కారులు. మిగతావాటి తర్వాత చాలా ఆలస్యంగా, 1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చింది. ఈ ప్రాంతంలో చెలామణీ కోసం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో, మాథ్యూ బోల్టన్ ఆవిరి యంత్రాల మీద 1794, 1797 సంవత్సరాల తేదీలతో రాగి నాణేలు తయారు చేయించి పంపారు. రూపాయికి 48 అని, రూపాయికి 96 అని వాటి మీద ఇంగ్లీషులో స్పష్టంగా రాసి ఉంటుంది. ఒక వైపు కంపెనీ రాజచిహ్నం, మరో వైపు బస్తాల మీద వేసే హృదయాకారపు గుర్తు. అప్పటిదాకా సుత్తితో కొట్టిన వంకర టింకర రాగి డబ్బులు వాడుకున్న సంతల్లో, అంచులు సమానంగా ఉన్న ఈ నాణేలు ఎంత వింతగా కనిపించి ఉంటాయో ఊహించండి. మధ్యస్థంగా అరిగిన ముక్కలు మీ బడ్జెట్టులోనే దొరుకుతాయి. ఒక సుత్తి దెబ్బల డబ్బును, ఒక 1797 నాటి యంత్రపు నాణేన్ని పక్కపక్కన పెడితే చాలు, ఆ ట్రేకు వేరే వివరణ అక్కర్లేదు.

సోహో నుంచే వచ్చిన మద్రాసు 10 కాసులు, 20 కాసుల రాగి నాణేలకు సముద్రపు కథ ఒకటి తోడైంది. 1808 తేదీ వేసిన ఈ నాణేలను టన్నుల కొద్దీ మోసుకుంటూ మద్రాసుకు బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకుండానే గుడ్‌విన్ ఇసుక మేటల మీద మునిగిపోయింది. 1980లలో గజ ఈతగాళ్లు ఆ సరుకును పైకి తీశారు. 20 కాసుల నాణెం మీద ‘ఇరవై కాసులు నాలుగు ఫలూసులు’ అని పారశీకంలో ఉంటుంది. మునిగిన నాణెం ఒకటి, మన దేశం చేరి నిజంగా చేతులు మారిన నాణెం ఒకటి జత చేసుకోండి. ఉప్పునీరు తిన్న రాగికి, చెమట తగిలి నునుపెక్కిన రాగికి తేడా వేలితో తడిమితేనే తెలుస్తుంది. మునిగిన సరుకు ఎక్కువగా విదేశీ వేలాల ద్వారా వస్తుంది కాబట్టి కొనే ముందు పోస్టు, సుంకం ఖర్చులు కలిపి లెక్క చూసుకోండి.

తేదీ విషయంలో అబద్ధం చెప్పే నాణేలు. ఏడాదినే నమ్ముకుని సేకరించినవారికి ఈ అంశం బాగా పడుతుందని నా అనుభవం. రెండవ ఆలంగీరు అనే మొఘల్ చక్రవర్తి 1759లో హత్యకు గురయ్యాడు. ఆయన పేరున, 1172 హిజరీ, ఆరో పాలనా సంవత్సరం అనే తేదీతో కంపెనీవారు ఆర్కాటు రూపాయిని దశాబ్దాల తరబడి అచ్చు వేస్తూనే పోయారు. 1835లో దేశమంతటికీ ఒకే రకం నాణేలు వచ్చేదాకా అది చెల్లింది. జనం నమ్మిన ముద్రను మారిస్తే వర్తకులు వట్టం పట్టుకుంటారన్న, అంటే విలువ తగ్గించి తీసుకుంటారన్న భయమే దీనికి కారణం. ముందు వెనకలు రెండూ ఒకేలా ఉంటాయి కనుక వీటి అసలు వయసు తేల్చడానికి నాణేన్ని నిలబెట్టి అంచు చూడాలి: కొన్నిటికి నిలువు గీతలు, కొన్నిటికి ఏటవాలు గీతలు, కొన్నిటికి మధ్యలో తాడు పేనినట్టు గాడి. చిన్న టంకశాల గుర్తులు కూడా చూడాలి, కంపెనీవారిది తామరపువ్వు అయితే పాండిచ్చేరిలో ఫ్రెంచివారు అచ్చువేసిన ఆర్కాటు రూపాయికి నెలవంక.

మీ పెట్టెలోని విక్టోరియా రూపాయల్లో 1862 నాటివి ఒకటికి మించి ఉంటే వాటిని డూప్లికేట్లని అమ్మేయకండి. 1862 తర్వాత 1874 దాకా బొంబాయిలో అచ్చయిన రూపాయల మీద కూడా 1862 అనే వేశారు, అసలు ఏడాదిని గుర్తుపట్టడానికి టంకశాలవారు వెనక వైపు చుక్కలు పెట్టారు. పైన కొన్ని, ఏటి అంకె కింద కొన్ని. వాటిని లెక్కపెట్టి క్యాటలాగుతో పోల్చుకోవాలి. గుంటూరులో నాకు తెలిసిన ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి కొన్నేళ్లుగా మరే నాణెం జోలికీ పోకుండా ఈ చుక్కల రూపాయలే పోగు చేస్తున్నారు. సరాఫు కొట్లలో పాత వెండి తూకానికి వచ్చిన రూపాయలను చూడనిస్తే చాలు, గంటలు కూర్చుంటారు. అమ్మేవారికి అన్నీ 1862లే, ఆయనకు మాత్రం పన్నెండు వేరువేరు ఏళ్లు.

వెండి కరువు. రూపాయి 11.66 గ్రాములు, అందులో వెండి నూటికి 91.7 పాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కొరత వచ్చి ప్రభుత్వం 1917లో రూపాయి నోటు తెచ్చింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్ల వెండి డాలర్లను కరిగించింది; అందులో అధిక భాగం బ్రిటన్ ద్వారా ఇండియా రూపాయలకే వచ్చింది. అంటే మీ ఆల్బంలో ఏ విశేషమూ లేదనుకున్న 1918, 1919, 1920 నాటి మామూలు రూపాయల్లో కరిగిన అమెరికా డాలర్లు ఉన్నాయన్నమాట. నేను పైన చెప్పిన నికెల్ బేడ, పావలా, అర్ధ రూపాయి కూడా ఆ కరువు బిడ్డలే. రెండో యుద్ధం వచ్చేసరికి 1940లో రూపాయిలో వెండి సగానికి పడింది, దొంగ నాణేలను అడ్డుకోవడానికి అంచు మీద గాడి వచ్చింది. 1943 నుంచి రాగి మిగుల్చుకోవడానికి కానీకి (పావు అణా నాణేనికి) నడుమ బెజ్జం పెట్టారు, మన పెద్దలు మొలతాడుకు గుచ్చుకున్న చిల్లు కానీ అదే. 1947లో పులి బొమ్మతో నికెల్ రూపాయి వచ్చి వెండి పూర్తిగా పోయింది. ఈ నికెల్ రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది, పిల్లలకు చూపించండి. ఈ అంశానికి మీరు కొత్తగా కొనవలసింది చాలా స్వల్పం, ట్రేలో వరుస మార్చి చీటీలు తిరగరాసుకుంటే సరిపోతుంది. ఒక జాగ్రత్త: వెండి రూపాయల ధర రోజువారీ వెండి ధరతో పాటు ఊగుతుంది, పెరిగినప్పుడు ఆగండి, అణాలూ కానీలూ అప్పుడు కొనుక్కోండి.

మరో చవక అంశం చెప్పి ముందుకు వెళతాను. మన ఇళ్లలో పాత రూపాయలకు కొండి అతికించి పిల్లల మెడలో వేసేవారు, పూజ గదిలో లక్ష్మీదేవి ముందు పసుపు కుంకుమలతో ఉంచేవారు. కొండి ఉన్న నాణేన్ని సేకరణకర్తలు ముట్టుకోరు కాబట్టి అది వెండి తూకానికే వస్తుంది. కొండి ఊడదీసి నునుపు చేయించకండి, అలా చేస్తే అది నాణెంగానూ నగగానూ పనికిరాదు. ఏ ఊరి నుంచి, ఎలాంటి ఇంటి నుంచి వచ్చిందో అమ్మేవారిని అడిగి రాసి ఉంచుకుంటే, అది క్యాటలాగుల్లో దొరకని సేకరణ అవుతుంది. స్వతంత్ర భారత నాణేల్లో అయితే 1970లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రచారానికి తోడుగా వచ్చిన ‘అందరికీ ఆహారం’ తరహా నినాదాల నాణేలు ఒక చిన్న, ముగింపు ఉన్న వరుస. ఇంట్లో పిల్లలుంటే హైదరాబాద్ నక్షత్రం, ముంబయి వజ్రం, నోయిడా చుక్క అంటూ చిల్లరలోనే టంకశాల గుర్తులు వెతికించవచ్చు.

ఇక శాతవాహనుల సంగతి. అమరావతి పక్కన ఉన్నవాళ్లం, మోజు సహజం. గౌతమీపుత్ర శాతకర్ణి తన శత్రువైన క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేల మీద తన ముద్ర కొట్టించిన సంగతి, అలాంటివి నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 1906లో బయటపడిన 13 వేలకు పైగా నాణేల్లో సుమారు మూడింట రెండు వంతులున్న సంగతి చదివితే ఎవరికైనా ఒకటి కొనాలనిపిస్తుంది. తర్వాతి శాతవాహన రాజు యజ్ఞశ్రీ ఓడ బొమ్మ సీసం నాణేలూ అంతే. అయినా ఇప్పుడే వద్దంటున్నది మూడు కారణాల వల్ల. మొదటిది, ఓడ బొమ్మవాటికి గిరాకీ ఎక్కువ, అందువల్ల పోత పోసిన నకిలీలూ ఎక్కువ. అసలైనవి చాలాసార్లు చూసిన కన్ను లేకుండా పోల్చుకోలేరు. రెండోది, సీసం మన వాతావరణంలో నిలవదు. చెక్క బీరువాల నుంచి, అట్టపెట్టెల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి తగిలి తెల్లటి పొడిగా రాలిపోతుంది.

మూడోది చట్టం. పొలంలో, పునాదుల్లో, కృష్ణ ఒడ్డున మట్టిలో దొరికాయంటూ తెచ్చిన నాణేలను ఎంత చవకైనా కొనకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు మించితే దొరికినవారు కలెక్టరుకు తెలపాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని దేశం దాటించడం నేరం. మీ దగ్గరున్న తొలి ఐదవ జార్జి నాణేలు కూడా ఇప్పటికే ఆ లెక్కలోకి వచ్చాయి, విదేశీ మిత్రులతో మార్పిడి చేసుకునేటప్పుడు ఇది మరవకండి. శాతవాహనుల మీద ఇష్టం తగ్గకపోతే ముందు విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంకూ, అమరావతి మ్యూజియంకూ వెళ్లి కన్ను తీర్చుకోండి. కొనడమంటూ వస్తే రసీదు ఇచ్చే, సరుకు వెనక్కి తీసుకునే పాత వేలందార్ల దగ్గర ఒక మామూలు ఏనుగు బొమ్మ నాణెంతో మొదలుపెట్టండి.

వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల పాత ఇత్తడి కొట్లలో, గుంటూరు పట్నంబజారులో వెతికేటప్పుడు మీకు సీతారాములు, హనుమంతుడి బొమ్మలతో, వెనక ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 లేదా 1616 అనే ఏడాది, ‘యూకేఎల్ ఒన్ అణా’ అని ఉన్న రాగి బిళ్లలు తప్పకుండా చూపిస్తారు. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ అచ్చు వేయలేదు. అవి ఇటీవలి బిళ్లలు, వేలూ లక్షలూ పలుకుతాయన్నది కట్టుకథ. రామపట్టాభిషేకం బొమ్మతో పాతకాలపు రామటంకాలు వేరు, వాటిని భక్తి బిళ్లలుగా ఒక చిన్న అంశంగా చేర్చుకోవచ్చు, నాణేలుగా కాదు. పాత నోటుకు లక్షలిస్తామని, రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ముందుగా కమీషను కట్టమని వచ్చే ఫోన్లకు సమాధానం ఇవ్వకండి. అలాంటి లావాదేవీలతో తనకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రకటించింది.

విదేశీ నాణేల గురించి ఒక్క మాట. దేశానికొకటి చొప్పున కొనడం మొదలుపెడితే మళ్లీ ఖాళీలు నింపే పనే అవుతుంది. మీ అంశం పిలిచినప్పుడు మాత్రం కొనండి: అర పగోడా పక్కన పెట్టడానికి ఒక స్పానిష్ డాలరు, 1918 రూపాయి పక్కన పెట్టడానికి ఒక అమెరికా మోర్గన్ డాలరు.

ఇక మొదటి నెల ఏమీ కొనకండి. పెట్టెలోవన్నీ బయటికి తీసి, అంచులు పట్టుకుని, ఒక్కొక్కటీ గ్రాములో నూరోవంతు చూపే చిన్న త్రాసు మీద తూచి, తెలుగు ఉన్నవి, చుక్కలున్నవి, యుద్ధకాలపువి అని మూడు కుప్పలు వేయండి. తోమవద్దు, చింతపండుతో తోమిన రూపాయి తళతళలాడుతుంది కానీ దాని ధర సగానికి పడిపోతుంది. మెత్తటి పీవీసీ కవర్లు మన ఉక్కకు జిగురు కారి రాగి మీద పచ్చ మరకలు తెస్తాయి, కాబట్టి మైలార్ (పాలిస్టర్ ప్లాస్టిక్) కవర్లకు మార్చి, పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేయండి. ప్రతి చీటీ మీద ఏడాది, టంకశాల, తూకం, ఎక్కడ ఎంతకు కొన్నారు అన్నవాటి కింద, ఈ నాణెం ఈ ట్రేలో ఎందుకుందో ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం రాయడానికి రాని నాణేలను పక్కన పెట్టి అమ్మితే, మొదటి సోహో రాగి నాణేనికి కావలసిన డబ్బు చాలావరకు వాటి నుంచే వస్తుంది.